పండు వాసనే... తీపి లేదు!

వాసన చూస్తే జామపండు. నోట్లో పోసుకుంటే పులుపు. తీపి కోసం వెతికితే లీటరు మొత్తానికి చెంచాడు పంచదార కూడా ఉండదు. ‘ఫ్రూటీ డ్రై వైట్ వైన్’ అనే ఈ విచిత్రం ఫ్రాన్సులో పుట్టి ఉండొచ్చు. కానీ దాని గుట్టు విప్పడానికి కొల్లూరు అరటిపండు, ఇడ్లీ పిండి, తాటికల్లు ముంత చాలు!

తెనాలి నుంచి రేపల్లె దాకా ఏ పెద్ద ఊరి సెంటర్లో వెతికినా ఓ బోర్డు కనిపిస్తుంది. ముందు ఎవరిదో ఇంటిపేరు, చివర ‘వైన్స్’ అనే మాట. లోపల బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, రమ్మూ బీరూ ఉంటాయి. వైన్ మాత్రం అడిగితేగానీ బయటికి రాదు. చాలాచోట్ల అడిగినా రాదు. తెలుగునాట ‘వైన్’ అంటే పానీయం పేరు కాదు, దుకాణం పేరు!

అసలు వైన్ అంటే ద్రాక్షరసం పులిస్తే వచ్చేది. అంతే. బ్రాందీ, విస్కీల్లా దాన్ని బట్టీపెట్టి ఆవిరి పట్టరు. నల్లద్రాక్షను తొక్కతో సహా పులియబెడితే రెడ్ వైన్. తొక్క తీసేసి రసం ఒక్కటే పులియబెడితే వైట్ వైన్. తెలుపని పేరేగానీ రంగు మాత్రం లేత గడ్డి రంగు. నల్లద్రాక్షలోనూ చాలా రకాలకు రసం రంగు తేలికే కాబట్టి, వాటితోనూ వైట్ వైన్ చేసేవాళ్లున్నారు.

సరే, తెనాలి-రేపల్లె రైలు మార్గంలో ఉన్న జంపని లాంటి ఊరికి దీంతో ఏం పని? అక్కడ పండేది వరి. చుట్టుపక్కల అరటి, పసుపు, నిమ్మ. గట్ల మీద తాళ్లు. ద్రాక్షతోట అనేదే కనపడదు. కానీ పండు కోసిన రెండు రోజులకే ధర పడిపోయే బాధ ఈ ప్రాంత రైతుకు కొత్తేం కాదు. పాడయ్యే పండును ఏళ్లతరబడి నిలవుండే సరుకుగా ఎలా మార్చారు? ఎక్కడ గెలిచారు, ఎక్కడ దెబ్బతిన్నారు? ఆ లెక్క తెలుసుకోవడానికి వైన్ కన్నా మంచి పాఠం లేదు.

‘డ్రై’ అంటే ఎండినదా?

డ్రై అనగానే ఎండుద్రాక్ష గుర్తొస్తే తప్పు మనది కాదు. వైన్ భాషలో డ్రై అంటే తీపి లేనిదని అర్థం.

బాగా పండిన వైన్ ద్రాక్షల రసంలో లీటరుకు 200 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. మనం తాగే కోలా డ్రింకుకు ఇది దాదాపు రెట్టింపు. ఈస్ట్ అనే కంటికి కనపడని జీవి ఈ చక్కెరను తింటూ ఒకవైపు ఆల్కహాలును, మరోవైపు కార్బన్ డయాక్సైడును వదులుతుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఖర్చయితే ఒక శాతం ఆల్కహాలు తయారవుతుందని లెక్క. అంటే 200 గ్రాములూ అయిపోయేసరికి 12 శాతం దగ్గరికి వస్తుంది. ఈస్ట్ చక్కెరంతా తినేశాక మిగిలేదే డ్రై వైన్. మధ్యలో ఆపేస్తే తీపి మిగులుతుంది. ఐరోపా నిబంధనల ప్రకారం సీసా మీద డ్రై అని రాయాలంటే లీటరుకు 4 గ్రాములకు మించి చక్కెర ఉండకూడదు. పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల దాకా ఒప్పుకుంటారు.

మరి చక్కెర లేనిది పండులా ఎలా అనిపిస్తుంది? అదంతా ముక్కు చేసే మాయ. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటి నాలుగైదు రుచులే. మిగతాదంతా వాసనే. జలుబు చేసినప్పుడు మామిడిపండు తిని చూడండి. తీపి తెలుస్తుందిగానీ, అది బంగినపల్లో రసాలో చెప్పలేం. చిన్నప్పటి నుంచీ జామపండు వాసనా తీపీ కలిసే వచ్చాయి కాబట్టి, వాసన తగలగానే మెదడు తీపిని ఊహించుకుంటుంది. నాలుక మాత్రం ‘ఇక్కడ పులుపే ఉంది’ అంటుంది. ఈ తగువే ఫ్రూటీ డ్రై వైన్‌లోని అసలు రుచి.

జామ, అరటి, క్యాప్సికం

‘జామ వాసన, అరటి వాసన’ అని వైన్ పండితులు చెబుతుంటే కవిత్వం అనుకుంటాం. కానీ అది రసాయనశాస్త్రం!

సావిన్యాన్ బ్లాంక్ అనే ద్రాక్షతో చేసిన వైన్‌లో జామ, ప్యాషన్ ఫ్రూట్ వాసనలు వస్తాయి. కారణం థయోల్స్ అనే గంధక సమ్మేళనాలు. శాస్త్రవేత్తలు గులాబీరంగు జామపండును పరీక్షిస్తే అందులోనూ సరిగ్గా ఇవే దొరికాయి. పోలిక కాదు, పదార్థమే ఒకటి. వీటిలో అన్నిటికన్నా ఘాటైనది లీటరులో గ్రాములో వందకోట్లవ వంతులు నాలుగైదు ఉన్నా చాలు, ముక్కు పట్టేస్తుంది. ఇంకో వింత. తాజా ద్రాక్షరసంలో ఈ వాసన దాదాపుగా ఉండదు. అక్కడ అది వేరే అణువులతో ముడిపడి, వాసన లేకుండా దాక్కుని ఉంటుంది. పులిసేటప్పుడు ఈస్ట్ ఆ ముడి విప్పుతుంది.

అరటిపండు వాసనకు మూలం ఐసోఅమైల్ ఎసిటేట్. కొల్లూరు వైపు గెల మగ్గేసిన గదిలోకి వెళితే గుప్పుమనేది ప్రధానంగా ఇదే. చల్లటి వాతావరణంలో పులిసిన వైన్‌లోనూ ఈస్ట్ దీన్ని తయారుచేస్తుంది. అనాస, యాపిల్ వాసనలకూ ఇలాంటి ఎస్టర్లే కారణం. కొత్త వైన్‌లో ఇవి బాగా తెలుస్తాయి. ఏడాది రెండేళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. అందుకే ‘వైన్ పాతబడేకొద్దీ బాగుంటుంది’ అన్నమాట ఈ రకానికి వర్తించదు. దీన్ని తాజాగానే తాగేస్తారు.

ఇక పచ్చిగడ్డి, క్యాప్సికం వాసన. అది పైరజీన్స్ అనే పదార్థాలది. క్యాప్సికంలో ఉండేదీ అదే. కాయ పచ్చిగా ఉన్నప్పుడు ఇది ఎక్కువ. ఎండకు పండేకొద్దీ తగ్గుతుంది. ఒకరోజు ముందు కోస్తే గడ్డి వాసన, నాలుగు రోజులు ఆగితే పులుపు పోయి చప్పన. కోత రోజు ఎంచుకోవడంలోనే సగం పనితనం ఉంది.

చల్లగా... నింపాదిగా

ఇడ్లీ పిండి సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. రోహిణికార్తెలో గిన్నె పొంగి గట్టు మీదికొస్తుంది, పులుపెక్కుతుంది. సంక్రాంతి చలికి తెల్లారినా లేవదు. పులియడానికీ వేడికీ ఉన్న ఈ సంబంధమే వైట్ వైన్ తయారీకి ప్రాణం.

కోత తెల్లవారుజామునో, రాత్రిపూట లైట్ల వెలుగులోనో చేస్తారు. ఎండకు వేడెక్కిన గుత్తి బుట్టలోనే పులవడం మొదలెడుతుంది, గాలి తగిలి రంగు మారుతుంది. కోసిన యాపిల్ ముక్క నల్లబడినట్టే అన్నమాట. దాన్ని ఆపడానికి కొద్దిగా సల్ఫర్ డయాక్సైడ్ వాడతారు. కాడలు తీసి, గాలి సంచీ ఉన్న యంత్రంలో మెల్లగా పిండుతారు. గట్టిగా పిండితే తొక్కల్లోని, గింజల్లోని వగరు దిగుతుంది. ఒక మామూలు 750 మిల్లీలీటర్ల సీసాకు కిలోకు పైగా పళ్లు కావాలి.

రసాన్ని చల్లబరిచి ఒకరోజు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి చేరుతుంది. పైతేట స్టీలు ట్యాంకులోకి తోడి, ఈస్ట్ కలుపుతారు. ఇక్కడి నుంచీ అసలు పరీక్ష. పులిసేటప్పుడు రసం తనంతట తానే వేడెక్కుతుంది. వదిలేస్తే ముప్పై డిగ్రీలు దాటేస్తుంది. అప్పుడు నాలుగైదు రోజుల్లో పని అయిపోతుంది కానీ, పండు వాసనంతా గ్యాసుతోపాటే ఎగిరిపోతుంది. అందుకని ట్యాంకు చుట్టూ ఉన్న గొట్టాల్లో చల్లటి ద్రవం తిప్పుతూ 12 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచుతారు. రెండు మూడు వారాలు పడుతుంది.

చక్కెర అయిపోయాక ఈస్ట్ అడుక్కి దిగుతుంది. వైన్‌ని వేరే ట్యాంకులోకి తోడి, బెంటొనైట్ అనే మట్టితో తేటపరుస్తారు. సున్నా డిగ్రీల దగ్గరికి చల్లబరిస్తే టార్టారిక్ ఆమ్లపు లవణం పలుకులుగా విడిపోతుంది. వడపోసి సీసాల్లో నింపుతారు. రెడ్ వైన్‌లా ఓక్ పీపాల్లో నెలల తరబడి ఉంచరు. పీపా చెక్క వాసన పండు వాసనను మింగేస్తుందని భయం.

స్టీలు ట్యాంకు, కూలింగు యంత్రం 1950ల తర్వాతే వైన్ పరిశ్రమలో విస్తరించాయి. అంతకుముందు ఇలాంటి వైన్ సహజంగా చలిఉండే ప్రాంతాలకే పరిమితం. అవి వచ్చాకే ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా లాంటి ఎండదేశాలు పోటీలోకి దిగగలిగాయి. నాసిక్ కథా అక్కడి నుంచి మొదలైందే.

ముంతలోనూ అదే సైన్సు

ఇంతా చేసి ఈ విద్య మనకు తెలియనిదా? తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ని అడగండి. గెల కోసిన చోట నుంచి బొట్టుబొట్టుగా దిగే నీరాలో లీటరుకు వంద గ్రాములకు పైనే చక్కెర. గాల్లో, ముంతలో ఉన్న సహజమైన ఈస్ట్ గంటల్లోనే పని మొదలెడుతుంది. తెల్లవారుజామున దించితే తియ్యన, పొద్దెక్కితే పొంగు, సాయంత్రానికి పులుపు, మర్నాటికి వెనిగర్. తియ్యగానే ఉండాలంటే ముంత లోపల సున్నం పూస్తారు. సున్నానికి ఈస్ట్ లొంగిపోతుంది.

తేడా ఎక్కడంటే... ద్రాక్షలో చక్కెరతోపాటు టార్టారిక్ ఆమ్లం బోలెడంత ఉంటుంది. ఆ పులుపు చెడగొట్టే బ్యాక్టీరియాను దగ్గరకు రానివ్వదు. పైగా 12 శాతం ఆల్కహాలు. కాబట్టి వైన్ ఏళ్లు నిలుస్తుంది. నీరాలో పులుపు తక్కువ, ఆల్కహాలు నాలుగైదు శాతం దాటదు. అందుకే కల్లుకు ఆయుష్షు ఒక పూట. ఆ పూటలోనే చెట్టు దిగాలి, అమ్ముకోవాలి. గీత కార్మికుడి బతుకు కష్టంలో సగం ఈ రసాయనశాస్త్రమే! నీరాను చల్లగా నిలవుంచి అమ్మే ప్రయత్నం ఇప్పుడిప్పుడే గట్టిపడుతోంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో తెలంగాణ ప్రభుత్వం 2023లో నీరా కేఫ్ తెరిచింది. ఆంధ్రలో పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం తాటి మీద పనిచేస్తోంది.

పులియబెట్టిన ద్రాక్ష కూడా మనకు కొత్త కాదు. ఆయుర్వేద దుకాణంలో దొరికే ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం అలా తయారయ్యేవే. ఆరెపువ్వు కలిపి పులియబెడతారు. వాటిలోనూ సహజంగా పుట్టిన ఆల్కహాలు కొంత ఉంటుంది.

జంపనిలో ఎందుకు పండదు?

పెరట్లో పందిరేసి ద్రాక్షతీగ పాకించడం కష్టమేం కాదు. నాలుగు గుత్తులు కూడా కాస్తాయి. వైన్‌కు మాత్రం పనికిరావు. కృష్ణా డెల్టాలో రాత్రిళ్లు కూడా ఉక్కే. సముద్రం దగ్గర. చలికాలంలోనూ పది డిగ్రీలకు దిగడమంటే ఈ ఊళ్లకు తెలియదు. రాత్రి చల్లబడకపోతే కాయలోని మాలిక్ ఆమ్లం కరిగిపోతుంది, పులుపు మిగలదు. పైగా గాల్లో తేమకు బూజు తెగులు. నల్లరేగడిలో, కాలువ నీటి పల్లంలో వేరు ఊపిరాడక చస్తుంది.

నాసిక్ ఎత్తు దాదాపు 600 మీటర్లు. అక్కడి చలికాలపు రాత్రి పది డిగ్రీల కిందికి దిగుతుంది. బెంగళూరు పక్కన నందికొండల దిగువ ప్రాంతం దాదాపు 900 మీటర్లు. ఐరోపాలో తీగ చలికి ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర నిద్రే లేదు. అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు. వేసవిలో ఒకసారి కొమ్మ కోసం, అక్టోబరు ప్రాంతంలో ఇంకోసారి కాయ కోసం. ఐరోపాలో సెప్టెంబరు, అక్టోబరుల్లో కోత అయితే ఇక్కడ జనవరి నుంచి మార్చిలోపు అవుతుంది.

అనాబ్-ఎ-షాహీ ఏమైంది?

హైదరాబాద్ ఎత్తు కూడా 500 మీటర్ల పైమాటే. ద్రాక్షకు అది ఒకప్పుడు రాజధాని. 19వ శతాబ్దం చివర్లో అబ్దుల్ బాకర్ ఖాన్ ఇక్కడికి తెచ్చిన అనాబ్-ఎ-షాహీ రకం దక్షిణాదిలో ఇంటింటి పేరైంది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రమే వెలిసింది. ఆల్వాల్ రైతు చింతల వెంకటరెడ్డి సేద్యంలో చేసిన ప్రయోగాలకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మరి ఇక్కడ వైన్ ఎందుకు రాలేదు?

మొదటి కారణం రకం. అనాబ్-ఎ-షాహీ పెద్దకాయ, పలచటి తొక్క, నిండుగా రసం. తినడానికి హాయి. కానీ చక్కెర 14-16 శాతమే. పులిస్తే ఎనిమిది తొమ్మిది శాతం ఆల్కహాలు దాటదు, వాసన కూడా అంతంతే. వైన్ ద్రాక్ష దీనికి పూర్తి విరుద్ధం. చిన్నకాయ, మందమైన తొక్క, నిండా గింజలు. తినబుద్ధి కాదు. ఇక దిగుబడి ఎంత ఎక్కువైతే రుచి అంత పలచబడుతుంది. కాయ ఎక్కువ కాయించడమే సేద్యమని నమ్మిన రైతును ‘గుత్తులు తెంపి పారెయ్’ అంటే ఒప్పుకుంటాడా?

రెండో కారణం భూమి. నగరం పెరిగింది. భూగర్భజలం అడుగంటింది, కూలి పెరిగింది. తోట కన్నా ప్లాటు లాభం అనిపించింది. శామీర్‌పేట, మేడ్చల్ వైపు పందిళ్లు కూలి లేఅవుట్లు లేచాయి.

నాసిక్ నేర్పిన పాఠం

ఇదే సమయంలో మహారాష్ట్ర మరో దారి పట్టింది. అమెరికాలో ఒరాకిల్ ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్, కాలిఫోర్నియా నిపుణుడు కెర్రీ డామ్‌స్కీ సాయంతో నాసిక్‌లో సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ నాటారు. సులా తొలి వైన్లు 2000లో మార్కెట్లోకి వచ్చాయి. రెండూ వైట్ వైన్లే. 2001లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి, ఎక్సైజ్ సుంకంలో రాయితీ ఇచ్చింది. వైనరీలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2007లో కర్ణాటక కూడా సొంత విధానం తెచ్చుకుంది.

అంతా బాగుందనుకుంటుండగా 2008 వచ్చింది. ఆర్థికమాంద్యం, ముంబై దాడులతో హోటళ్లు ఖాళీ. వైన్ అమ్మకాలు పడిపోయాయి. అప్పటికి దేశంలోని పెద్ద కంపెనీల్లో ఒకటైన ఇండేజ్ అప్పుల పాలైంది. వైనరీలు కొనడం తగ్గించేశాయి. దెబ్బ ఎవరికి? తినడానికి పనికిరాని కాయ కాసే తోట వేసుకున్న రైతుకు! టేబుల్ ద్రాక్ష అయితే సంతలో తెగనమ్ముకోవచ్చు. వైన్ ద్రాక్షను వైనరీ తప్ప ఎవరూ కొనరు. ఎంతోమంది తీగలు పీకేశారు. తర్వాత పరిశ్రమ కోలుకుంది. సులా 2022 డిసెంబరులో స్టాక్ మార్కెట్‌లోకీ వచ్చింది. కానీ పీకిన తీగలు తిరిగి రాలేదు.

పాఠం ఒక్కటే. ఒక్క కొనుగోలుదారు మీదే ఆధారపడే పంట ఏదైనా, నాటకముందే రాతకోతలుండాలి. ఎన్నేళ్లు కొంటారు, ఏ ధరకు, నాణ్యత ఎవరు తేలుస్తారు అనేవి కాగితం మీద ఉండాలి. ద్రాక్ష ఒక్కటే కాదు, ఏ ‘కాంట్రాక్టు’ పంటకైనా అదే మాట.

మరి మన అరటి, జామ?

జామతో, అరటితో, నేరేడుతో వైన్ చేయొచ్చా అంటే చేయొచ్చు. సైన్సు అడ్డురాదు. ద్రాక్షలో ఉన్నంత చక్కెర, పులుపు వాటిలో ఉండవు కాబట్టి బయటి నుంచి కలపాల్సి వస్తుంది. అరటి గుజ్జు చిక్కన కాబట్టి ఎంజైములతో పలచన చేయాలి. అడ్డొచ్చేది లైసెన్సు, పన్ను, మార్కెట్. అన్నిటికీ మించి, తాగేవాళ్లెవరన్నది. ‘వైన్స్’కి వెళ్లే మనిషి వెతికేది జామ వాసన కాదు, తక్కువ డబ్బుకు ఎక్కువ మత్తు. ఆ గిరాకీని నమ్ముకుని పండ్ల వైన్ పెట్టేవాడికి నష్టం ఖాయం.

కాబట్టి మద్యం దాకా వెళ్లకుండానే ఈ విద్యలో తీసుకోదగ్గవి ఉన్నాయి. తెల్లవారక ముందే కోయడం, కోసిన గంటల్లో చల్లబరచడం, గాలి తగలకుండా రసం తీయడం, శుభ్రమైన స్టీలు పాత్ర. జామ గుజ్జు అయినా, నిమ్మరసం అయినా, నీరా అయినా వాసన నిలబడేది ఈ నాలుగింటితోనే. బాపట్లలో ఆహార సాంకేతిక కళాశాల ఉంది. జంపని వైపు పల్లెలకు అది దూరమేం కాదు.

ఇంకోమాట కూడా చెప్పుకోవాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలింది. ఆ పోరాటం పుట్టిన నేల మీద ‘వైన్ ఆరోగ్యానికి మంచిది’ అని చెప్పడం సబబు కాదు. శాస్త్రం కూడా ఇప్పుడు ఆ మాట అనడం లేదు. ఆల్కహాలుకు సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. జామ వాసన వచ్చినా 12 శాతం ఆల్కహాలు 12 శాతమే. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరం కూడా.

అయినా ఆ వాసన వెనక ఉన్న శ్రద్ధను మెచ్చుకోకుండా ఉండలేం. ఒక పండు పరిమళం గాల్లో కలిసిపోకుండా ఉండటానికి రాత్రంతా మేలుకుని కోసి, మూడు వారాలు చలిలో కాపలా కాస్తారు. అంత శ్రద్ధ మన చక్కెరకేళి గెల మీద, తాటి ముంత మీద పెడితే ఏమవుతుందో డెల్టా ఇంకా చూడాల్సే ఉంది.

సీసా మీద ఏముంటుంది?

* డ్రై: తీపి లేనిది. ‘ఆఫ్ డ్రై’ అంటే కాస్త తీపి మిగిల్చారని.
* ఫ్రూటీ: పండ్లరసం కలిపారని కాదు. పులిసేటప్పుడు పుట్టిన, బయటపడిన వాసనల గురించి.
* వింటేజ్: ద్రాక్ష కోసిన సంవత్సరం. ఫ్రూటీ వైట్ వైన్‌కు ఇది ఎంత దగ్గరిదైతే అంత మంచిది.
* సల్ఫైట్స్: నిలవ కోసం వాడే గంధక పదార్థం. ఆస్తమా ఉన్న కొందరికి పడదు.
* మరమూత: చవకరకమని కాదు. గాలి చొరబడకుండా, పండు వాసన నిలవడానికి చాలామంది బిరడా బదులు ఇదే వాడుతున్నారు.
* అడుగున పలుకులు: గాజుముక్కలు కావు, పంచదారా కాదు. చలికి విడిపోయిన టార్టారిక్ లవణం.